కిటికీలోంచి వేసిన తువ్వాల

మొన్న సోమవారం పొద్దున వనపర్తి బస్సు గద్వాల బస్టాండులోకి వచ్చి ఇంకా ఆగకముందే, కిటికీలోంచి ఒక తువ్వాల వచ్చి నా ఒళ్లో పడింది. నేను అంతకుముందు స్టాపులోనే ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. ముగ్గురు కూచునే సీటు అది. మధ్యలో ఒక కాలేజీ పిల్ల ఉంది, చివర ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కోసం బయటినుంచి ఎవరో విసిరితే గురి తప్పింది. ఎర్రగళ్ల నూలు తువ్వాల. ఎండకు గరుకుగా ఆరిన గుడ్డ వాసన, అందులో కొంచెం పొగాకు, కొంచెం పల్లినూనె. ఆ వాసన తగలగానే మా తాత తిమ్మప్ప గుర్తొచ్చాడు. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. ఆయన్ను తలుచుకోవడానికి నాకు గోడమీది ఫోటో అక్కర్లేదు, ఇట్లాంటి తువ్వాల ఒకటి చాలు. నేను దాన్ని మడిచి మా సీటు చివర పెట్టాను.

తాత అంటే మా నాన్నకు తండ్రి. మల్దకల్ పక్కన చిన్న ఊళ్లో మెట్టపొలం చేసుకుని బతికిన మనిషి. నేను పదో తరగతి దాకా ఆ ఇంట్లోనే పెరిగాను. మామూలుగా చాలా నెమ్మదిగా నడిచేవాడు, మాట్లాడేవాడు, తినేవాడు. బస్సు కనబడితే మాత్రం వేరే మనిషి అయ్యేవాడు. భుజం మీది తువ్వాల లాగి, ఇంకా కదులుతున్న బస్సు పక్కన నాలుగంగలు పరుగెత్తి, కిటికీలోంచి సరిగ్గా సీటు మీద పడేటట్టు వేసేవాడు. బస్సుల్లో ఎక్కువ తిరగనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు సీటు మీద పడ్డ తువ్వాలకు ఒక చట్టం ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి కూచునే మొగోడు సాధారణంగా ఉండడు, ఉంటే ఆ రోజు బస్సు గంట ఆలస్యంగా కదులుతుంది. తువ్వాల మరిచిపోయిన రోజున తాత నన్నే చంకల కింద పట్టి ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేవాడు. "పోయి అడ్డం పండుకో" అనేవాడు. నేను పోయి సీటు మీద బారుగా పడుకునేదాన్ని. నా జీవితంలో నేను చేసిన మొదటి ఉద్యోగం అదే.

ఇంత పోరాడి పట్టిన సీటులో ఆయన కూచోగా నేను చూడలేదు. అవ్వనూ నన్నూ కూచోబెట్టి, మిగిలిన చోటు ఏ చంటిపిల్ల తల్లికో ఇచ్చి, తను పైన కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. పెండ్లిళ్లలో కూడా అంతే. అందరికీ వడ్డించి, విస్తళ్లు ఎత్తే వేళకు ఒక మూలన తినేవాడు. ఒకసారి అడిగాను, "తాతా, కాళ్లు నొయ్యవా?" అని.

"నొస్తయి. నొస్తే ఏమైతది బిడ్డా? నిలబడెటోనికి బస్సంత కనబడ్తది" అన్నాడు.

ఆ మాట నాకు బాగా ఎక్కింది. టీచరునయ్యాక స్టాఫ్ రూములో కుర్చీ తక్కువైతే లేచేది నేనే. ఎవరింట్లోనైనా కార్యం ఉంటే చివరి బంతిలో తినేది నేనే. సుజాత మంచిది అనే పేరు అట్లా వచ్చింది. ఆ పేరు బాగుంటుంది కూడా, కాదనను. నాకు ఈ మంచితనం తాత నుంచి వచ్చిందని ఊళ్లో అందరూ అనేవారు, నేనూ అదే నమ్మాను.

మా అవ్వ సవారమ్మ మాత్రం ఆ పొగడ్తల్లో కలిసేది కాదు. ఎవరైనా తాతను మెచ్చుకుంటే ఆమె జాతర సంగతి తీసేది. "కొత్తగ పెండ్లైనప్పుడు మల్దకల్ జాతరకు తీస్కపోయిండు. కట్టె రంగులరాట్నం ఉండె. తువ్వాలేసి తొట్టి పట్టిండు. నన్ను ఒక్కదాన్నే ఎక్కిచ్చి తను కిందనే నిలబడ్డడు. పైకి పోయినంక నాకు పానం పోయినంత పనైంది. కిందికి జూస్తే ఈయన పండ్లు బయటవెట్టి నవ్వుతుండు." ఈ మాట రాగానే తాతకు దొడ్లో ఏదో పని గుర్తొచ్చేది. తువ్వాల దులుపుకుని వెళ్లిపోయేవాడు. ఆమె ఆ కోపాన్ని జీవితాంతం పాతబడనివ్వలేదు. మేం పిల్లలం దాన్నొక తమాషా కథలాగా వినేవాళ్లం.

నాలుగేళ్ల కిందట వేసవి సెలవుల్లో మా పాప చిన్నిని హైదరాబాద్ పక్కనున్న ఒక పెద్ద థీమ్ పార్కుకు తీసుకుపోదామని నేనూ మా ఆయన రఘూ అనుకున్నాం. ఆ లెక్కలో అవ్వాతాతలు లేరు. ఆ నెలలోనే అవ్వను కంటి దవాఖానలో చూపించాం. కంటి నరం ఎండిపోతోందని, మందు చుక్కలతో కొంత నెమ్మదిస్తుందేగాని పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అవ్వ ఇంటికొచ్చి మంచం మీద కూచున్నాక, చిన్ని పార్కు గురించి వాగుతుంటే విని, నన్ను పిలిచింది.

"గాడ రంగులరాట్నం ఉంటదా?"

"ఉంటది అవ్వా, శాన పెద్దది."

"అయితే నేను గూడ వస్త. మీ తాత గూడ వస్తడు. ఈసారి నా పక్కకు కూసోవాలె ఆయన. పైకెల్లి నాకు కనబడంది ఆయన చూసి చెప్పాలె. మల్ల కండ్లు ఉంటయో లేదో."

అందులో దుఃఖం ఎంత, మొండితనం ఎంత అన్నది నేను విడదీసి చూడలేదు. తాత దర్వాజ దగ్గర నిలబడి అంతా విన్నాడు.

పార్కు వాళ్లిద్దరికీ కొత్తగా ఏమీ తోచలేదు. అది పెద్ద జాతర, అంతే. అవ్వ కనబడిన ప్రతి కుటుంబాన్నీ ఏ ఊరని అడిగింది. అమ్రాబాద్ నుంచి వచ్చినవాళ్లు తగిలితే చెట్టు నీడన కూచుని వాళ్ల ఆవుల సంగతి కూడా తెలుసుకుంది. తాత అలల కొలను ఒడ్డున చాలాసేపు నిలబడి, "నీళ్లను ఎవరు ఊపుతుండ్రు?" అని అడిగాడు. మోటారు అని చెప్పాడు మా ఆయన. "కరెంటు పోతే?" అన్నాడు తాత.

తర్వాత బొమ్మరైలు దగ్గర లైనులో నిలబడ్డాం. మా ముందు చాలామంది ఉన్నారు. రైలు మలుపు తిరిగి కూత వేసుకుంటూ వస్తోంది. ఏం జరగబోతోందో నాకు ఒక్క క్షణం ముందే తెలిసిపోయింది, కానీ ఆపలేకపోయాను. తాత భుజం మీది తువ్వాల తీసి, కడ్డీ పక్కనుంచి దూరి, కదులుతున్న రైలు పక్కన నాలుగంగలు వేసి, రెండో పెట్టె సీటు మీదికి విసిరాడు. గురి తప్పలేదు. అయితే ఆ వయసులో కూడా గురి తప్పలేదని సంతోషించే తీరిక మాకు లేకపోయింది. విజిలు మోగింది, రైలు టక్కున ఆగిపోయింది, లోపలున్న పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

రైలు నడిపే అబ్బాయి దిగి వచ్చాడు. "ఎవరిదండీ ఈ టవలు?"

"నాదే నాయినా. మేం ఐదుగురం ఉన్నం" అన్నాడు తాత, గొడవకు సిద్ధంగా.

"పెద్దాయనా, ఇక్కడ సీటు పట్టేది ఉండదు. లైను ప్రకారం అందరికీ సీటు వస్తుంది."

"అందరికా?"

"అందరికీ. నిలబడి పోనివ్వం."

తాత తువ్వాల తీసుకుని వెనక్కి వచ్చాడు. లైనులో వాళ్లు నవ్వుతున్నారు, చిన్ని కూడా నవ్వుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. నిలబడి పోనివ్వం అన్న మాట దగ్గరే ఆగిపోయినట్టున్నాడు. మా వంతు వచ్చి రైల్లో కూచున్నప్పుడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు, సీటు ఇవ్వడానికి ఎవరూ లేరు. ఆయన్ను అంత పరేషాన్‌గా నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక జెయింట్ వీల్ దగ్గరికి పోయాం. తొట్టి వచ్చి మా ముందు ఆగింది. ఎదురెదురుగా రెండు బెంచీలు, చుట్టూ ఇనుప కడ్డీలు. తాత చటుక్కున లోపలికి వంగి బెంచీ మీద తువ్వాల పరిచాడు. "కూసో పో, మెత్తగుంటది" అని అవ్వతో చెప్పి, నా చేతిలో సంచి అందుకుని వెనక్కి జరిగాడు. "నేను ఈడ సంచులు జూస్కుంట."

అవ్వ ఎక్కలేదు. కడ్డీ పట్టుకుని అట్లాగే నిలబడింది. "నువ్వెక్కకుంటే నేనెక్క" అంది.

"మోకాళ్లు పట్టుకున్నయే."

"పొద్దుగాల రైలెంబడి ఉరికినవ్ గద, అప్పుడు పట్టుకోలేదా?"

వెనక లైను గొణుగుతోంది. గేటు దగ్గరి మనిషి తొందర పెడుతున్నాడు. అవ్వ గొంతు తగ్గింది. "నాకు సగమే కనబడ్తుంది. మిగిలింది ఎవరు చెప్తరయ్యా?"

తాత సంచి కింద పెట్టాడు. అందరూ వింటున్నారని తెలిసీ, మెల్లగా చెప్పాడు. "నాకు కండ్లు తిరుగుతయే. ఎత్తు మీదికి పోలేను. అప్పుడు గూడ అంతే."

"మరి నవ్వితివి?"

"నవ్వలే. నువ్వు పైన ఊగుతుంటే నాకు కింద కండ్లు తిరిగినయి. పండ్లు గట్టిగ కర్సుకొని నిలబడ్డ."

ఇన్నేళ్లు మోసిన కోపం ఒక్కసారిగా చేతిలోంచి జారిపోతే మనిషికి ఏం తోస్తుందో నాకు తెలియదు. అవ్వ, "గా మాట అప్పుడే చెప్తే అయిపోవు గద" అంది.

"ఎట్ల చెప్పుడు. కొత్తగ పెండ్లైంది."

అవ్వ చేయి చాచింది. తాత ఆ చేయి పట్టుకుని తొట్టిలోకి ఎక్కాడు. వాళ్లకెదురుగా నేనూ చిన్నీ కూచున్నాం. సంచులు కాయడానికి ఈసారి మా ఆయన కింద నిలబడ్డాడు.

తొట్టి నేలను వదలగానే తాత బెంచీ మీది తువ్వాల లాగి ముఖం నిండా కప్పుకున్నాడు. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో అవ్వ చేయి. ఇక చూసి చెప్పే మనిషి లేడు. నేను చెబుదామని నోరు తెరిచేలోపే అవ్వ మొదలుపెట్టింది.

"రోడ్డు కనబడ్తుంది. లారీలు చీమల్లెక్క పోతున్నయి."

"ఊఁ" అన్నాడు తాత తువ్వాల లోపలి నుంచి.

"ఆ పక్కకు పల్లిచేను. కలుపు తీస్తుండ్రు."

అక్కడ పల్లిచేను లేదు. హద్దురాళ్లు నాటిన ప్లాట్లున్నాయి. అవ్వకు అంత దూరంలో వెలుతురూ నీడా తప్ప పెద్దగా కనబడవని నాకు తెలుసు. చిన్ని ఏదో చెప్పబోతే మోకాలి మీద చేయి వేసి ఆపాను.

"ఎవరి చేను?" అడిగాడు తాత.

"మనదే."

"కలుపు బాగ తీస్తుండ్రా?"

"అందరు తీస్తుండ్రు. ఒక్కతి మాత్రం గట్టు మీద కూసోని ముచ్చట్లు వెట్టింది."

తువ్వాల కింద తాత నవ్వాడు. పైకి, ఇంకా పైకి పోతుంటే నవ్వుతూనే ఉన్నాడు, కడ్డీ మాత్రం వదలలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లున్న మనిషి మూసుకున్నాడు, కళ్లు పోతున్న మనిషి ఆయనకు లోకం చూపిస్తోంది. దిగేదాకా ఆమె చెబుతూనే ఉంది. మా ఊరి గుట్టను చూపింది, కృష్ణా నదిని చూపింది, చివరికి మా ఇంటి ముందు కట్టేసిన బర్రెను కూడా చూపింది.

తిరుగుప్రయాణంలో బస్సు ఖాళీగానే ఉంది. తాత అవ్వ పక్కన కూచున్నాడు. నేను ఆపుకోలేక అడిగాను. "తాతా, బస్సుల గూడ భయానికే కూసోవా?"

"బస్సుల ఏం భయం బిడ్డా" అన్నాడు. కొంచెం ఆలోచించి, నిజమే చెప్పాడు. "మొదలు ఒకసారి లేచి నిలబడితే అందరు మంచోడన్నరు. ఇగ మల్ల కూసోబుద్ధి కాలే."

నాకు అది తగలవలసిన చోటే తగిలింది. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ ఆయన ఎక్కడ చోటుంటే అక్కడ అవ్వ పక్కన కూచున్నాడు. మంచోడన్న పేరు ఏమీ తగ్గలేదు.

ఇప్పుడు అవ్వ గద్వాలలో మా ఇంట్లోనే ఉంటుంది. చూపు పూర్తిగా పోయింది. నేను బడి నుంచి రాగానే దారిలో ఏం చూశావని అడుగుతుంది. పొడిపొడిగా చెబితే ఒప్పుకోదు. "ఉన్నదున్నట్లు చెప్తే ఏం బాగుంటది, జర కలిపి చెప్పు" అంటుంది. సోమవారం సాయంత్రం తువ్వాల సంగతి చెప్పాను. అది విసిరిన ముసలాయన ఎక్కి, భార్యను మా సీటు చివర కూచోబెట్టి, తను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడని చెప్పాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే సందు కూడా ఉండటం లేదు. నేను కూసోండి అంటే, "వద్దమ్మా, నాకు నిలబడుడు అలవాటే" అన్నాడు. పాత అలవాటుకు నా కాళ్లు లేవబోయాయి. నేను లేవలేదు. కిటికీ వైపు జరిగి, కాలేజీ పిల్లను జరగమన్నాను. ఆయన భార్య కూడా జరిగి, ఆయన చొక్కా పట్టి లాగింది.

"కూసున్నడా?" అడిగింది అవ్వ.

"కూసున్నడు. అంచుకు."

"అంచుకైతేంది. నువ్వు కలిపి చెప్తున్నవా, నిజంగనే కూసున్నడా?"

"నిజంగనే కూసున్నడవ్వా."

నేను ఇంకా సంచి భుజాన వేసుకునే నిలబడి ఉన్నానని నా గొంతును బట్టి అవ్వకు తెలిసినట్టుంది. మంచం మీద ఒక పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టింది. నేను కూచున్నాను.