మిఠాయి బీరువా కాళ్ల కింద

1968 వానకాలంలో నన్ను తార్నాకకు హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. యూనివర్సిటీ క్వార్టర్లూ నా కిందే. నా పేరు వింటే దోమలు అడిక్‌మెట్ దాటి పారిపోయేవి. సరే, పారిపోలేదు; అందుకే కీళ్లు విరిచే జ్వరం క్వార్టర్లలోకి వచ్చింది.

ఆ జ్వరాన్ని మోసే దోమ పగలే కుడుతుంది, ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. ఇంటింటా నీళ్లు చూడడం, పురుగు కనబడితే పారబోయించి నోటీసు రాయడం నా పని.

ఆ క్వార్టర్లలో ఒక లెక్చరర్ గారింటికి తనిఖీకి వెళ్లాం. ఆయన భార్య నాగమణిది కర్నూలు. రెండో కాన్పు కనుక ఇక్కడే ఉంది, తొమ్మిదో నెల. పక్కింటావిడ అప్పటికే జ్వరంతో మంచమెక్కింది. మా ఫీల్డ్ వర్కర్ యాదగిరి టార్చి వేసి మిఠాయి బీరువా కిందికి వంగాడు. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్లకూ నీళ్ల గిన్నెలు. నాలుగు గిన్నెల్లోనూ దోమ పురుగు లుకలుకలాడుతోంది.

"చదువుకున్న ఇంట్లో ఇంత నిర్లక్ష్యమా?" అని నోటీసు పుస్తకం తీశాను.

"పోయిన నెల అరిసెలకు చీమలు పట్టినాయంటే గిన్నెలు పెట్టమనింది మీరే కదా సార్? నాలుగు అరిసెలు తిని పోతిరి కూడా," అంది నాగమణి.

నిజానికి ఆరు.

"సార్, గీ పిల్లలన్నీ మీ పిల్లలే," అన్నాడు యాదగిరి.

నాగమణి నవ్వలేదు. "ఈ జ్వరం నాకొస్తే లోపల బిడ్డకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదమ్మా, నాది గ్యారంటీ," అన్నాను. నాకు దోమ సంగతి తెలుసు. బిడ్డ సంగతి బొత్తిగా తెలియదు.

సాయంత్రం ప్రసూతి డాక్టరమ్మను అడిగాను. తనకూ సరిగా తెలియదని ఆమె నిజం చెప్పింది. జ్వరం తగిలితే వెంటనే రమ్మంది. కాన్పునాటికి తల్లికి జ్వరముంటే బిడ్డను కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచి చూడాలంది. అలాంటప్పుడు బిడ్డకూ సోకవచ్చని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

మర్నాడు నాగమణి దగ్గరికి వెళ్లి నా గ్యారంటీ వెనక్కి తీసుకుని, డాక్టరమ్మ మాట చెప్పాను. నీళ్లు పారబోస్తే చాలదు, గుడ్లు గిన్నె అంచుకు అంటుకుంటాయి, పీచుతో తోమాలి. నిండు నెలల్లో నాగమణికి వంగడం కుదరదు. ప్రతి శుక్రవారం ఖాకీ చొక్కా చేతులు మడిచి నేనే తోమాను. ఆవిడ పగలు కూడా దోమతెర కట్టించుకుని, అందులోంచి అజమాయిషీ చేసేది: "అంచు వదిలేస్తిరి సార్, ఇంకొంచెం గట్టిగా!"

ఆవిడకు జ్వరం రాలేదు. ఆడపిల్ల, క్షేమం. నా తోముడు వల్లేనని ముప్ఫై ఏళ్లు చెప్పుకున్నాను. తెర వల్లో, అదృష్టం వల్లో, ఎవరికి తెలుసు?

నేర్చుకున్నది ఇంతే: తెలియనిదానికి గ్యారంటీ ఇవ్వకూడదు, తనిఖీ మనం పెట్టించిన గిన్నెతోనే మొదలుపెట్టాలి.