పొద్దుటి పాటల బేరం

మే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం. స్థలం: కళ్యాణదుర్గంలో మా బావమరిది ఇంటి మిద్దె మీది గది. హాజరైనవారు: మా బావమరిది, అతని భార్య, అతనికి అక్క అయిన మా ఆవిడ, హైదరాబాదు నుంచి వచ్చిన టీవీ కంపెనీ ప్రతినిధి, నేను. రావలసి ఉండి రానివారు: మా బావమరిదికి తెలిసిన లాయరు. ఏదో పెళ్ళికి వెళ్ళాడు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. తాలూకా కచేరీలో సమావేశాల వివరాలు రాసీ రాసీ పట్టుకున్న అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఇంటికి చుట్టాలు వచ్చినా మనసులో ముందు హాజరు వేసుకుని ఆ తర్వాతే కాఫీ తాగుతాను. ఆ పేజీ ఇప్పుడెందుకు తీశానంటే, నిన్న ఒకాయన వచ్చి మా టీవీ కింద పాత పెట్టె తీసేసి కొత్తది బిగించి వెళ్ళాడు. అందులో ఎన్ని చానెళ్ళున్నాయో బిగించినాయనకే తెలియదు. మా ఆవిడ రిమోటు పట్టుకుని చాలాసేపు నొక్కి, "మావోడి చానెలు యాడుండాది ఇందులో?" అని నన్నడిగింది. నాకూ దొరకలేదు. బావమరిదికి ఫోను చేస్తే, "ఉండాది బావా, నెంబరు మార్చినారంట. ఏం నెంబరో నాకే తెలీదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం మిద్దె మీద నాకు అర్థం కానివి ఇన్నాళ్ళకైనా అర్థమవుతాయేమోనని పేజీ తీసి చదివాను. కాలేదు.

మా బావమరిది గురించి కొంత చెప్పాలి. టీవీ అంటే ప్రభుత్వం చూపించిందే చూడటమనే రోజులు పోయి, ఆకాశంలోంచి ఎవరి బొమ్మలు వాళ్ళు దింపుకోవచ్చనే కాలం వచ్చినప్పుడు, అతను మిద్దె మీద పెళ్ళిపందిరంత డిష్షు పెట్టాడు. గోడల మీదుగా, గేదెల కొట్టాల మీదుగా ఇంటింటికీ తీగ లాగాడు. కొన్నాళ్ళకు సొంతంగా ఊరి చానెలు కూడా మొదలుపెట్టాడు. పగలంతా ఎవరివో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, జాతరలు వచ్చేవి. అతనికి ప్రాణమైంది మాత్రం పొద్దుటి కార్యక్రమం. తెల్లవారుజామునే భక్తి పాటలు, వాటి వెనక స్వయంగా తీసుకొచ్చిన బొమ్మలు. లేపాక్షి నందిని ముందు నుంచి, పక్క నుంచి, తోక వైపు నుంచి తీశాడు. ఒకసారి నంది వెనక నల్లటి మబ్బు పడింది. మా వైపు మబ్బు దొరకడమే అపురూపం కాబట్టి ఆ ముక్కను ఏళ్ళ తరబడి వేశాడు. ఆ మబ్బు కురిసిందో లేదో ఎవరికీ గుర్తు లేదు. పాటలు వస్తుంటే తెర అడుగున ఒక పట్టీలో అతని భార్య టైపు చేసిన మాటలు పరుగెత్తేవి. తప్పిపోయిన మేక, విత్తనాల పంపిణీ, ఎవరో పోయిన వార్త, ఆ పూట ఏ వీధికి కొళాయి నీళ్ళు వదులుతున్నారో ఆ సంగతి. మా ఊళ్ళో నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు కూడా వీధికొక వేళ. నీళ్ళు వదిలే ఆయన చీకటితోనే ఆమెకు ఫోను చేసి చెప్పేవాడు.

ఆ తర్వాత టీవీ వాళ్ళ నిబంధనలు మారాయి. ఎవరికి కావలసిన చానెళ్ళు వాళ్ళే ఎంచుకుని వాటికే డబ్బు కట్టుకోవచ్చన్నారు. జనం ఎంచుకోలేక మా బావమరిది దగ్గరికి వచ్చి, "నువ్వే ఏదో ఒకటి ఎంచప్పా" అన్నారు. అతను నా దగ్గరికి వచ్చాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఊరికి అవతలి వైపు ఇంకొకాయన తీగలు లాగి మా వాడి ఇళ్ళను ఒక్కొక్కటిగా తన వైపు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు కంపెనీ ప్రతినిధి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో కంప్యూటరు, చేతిలో కాగితాల కట్ట. "నిబంధనలు చాలావరకు ఎత్తేశారండీ. ఇప్పుడు అందరికీ పోటీయే. మాలాంటి ప్రాంతీయ కంపెనీలు నిలబడాలంటే ఊరూరికీ దగ్గరవ్వాలి" అన్నాడు. ఎత్తేసిన నిబంధనల సంగతి చెప్పడానికి అంత కట్ట ఎందుకో నాకు అర్థం కాలేదు. వెనకటికి చానెలు కావాలంటే మా వాడే కంపెనీకి డబ్బు కట్టేవాడు. ఇప్పుడు చానెలును మంచి నెంబరులో పెట్టినందుకు కంపెనీయే మా వాడికి కడుతుందట. కొన్నింటికి మాత్రం వీళ్ళు వాళ్ళకీ, వాళ్ళు వీళ్ళకీ కూడా కడతారట. డైరీలో బాణాలు గీసి చూసుకున్నాను. అన్నీ ఒకదాన్నొకటి పొడుచుకున్నట్టు వచ్చాయి.

తేలినంతవరకు విషయం ఇది. ఊరి చానెలు పేరు అలాగే ఉంటుంది, లోపలి కార్యక్రమాలన్నీ కంపెనీవి. ఒప్పుకోకపోతే కంపెనీ అవతలి వైపు ఆయనతో ఒప్పందం చేసుకుంటుంది. అప్పుడు మా వాడికి తీగలు మిగులుతాయి, ఇళ్ళు మిగలవు. అందుకని ఒప్పుకోవడానికే సిద్ధపడ్డాడు. కానీ పొద్దుటి పాటలు మాత్రం వదలనన్నాడు. "కావాలంటే పగలంతా నువ్వే ఆడించుకో సామీ. తెల్లారుజాము నాది" అన్నాడు.

ప్రతినిధి ఏమీ వాదించకుండా కంప్యూటరు మా వైపు తిప్పాడు. తెర మీద కొండలాంటి గీత ఒకటి ఉంది. ఏ వేళకు జనం ఏ చానెలు పెట్టుకుంటున్నారో ఇంటింటా టీవీ కింద ఉండే పెట్టెలే చెప్పేస్తాయట. "చూడండి, పొద్దున్నే ఊరు ఊరంతా మీ చానెలే. మేం వచ్చిందే ఇది చూసి."

మా బావమరిది ముఖం చూడాలి అప్పుడు. "చూసినావా అక్కా! ఎవరూ చూడరని ఎగతాళి చేస్తాంటివే!"

"నేను చూడనంటి గానీ ఊరు చూడదంటినా?" అంది మా ఆవిడ.

"నేనూ ఎప్పుడూ చూడలేదన్నా. ఆ పొద్దుకి నాకు ఫోన్లు ఎత్తేకే సరిపోతాది" అని అతని భార్య నాతో అంది.

బేరం సాయంత్రం దాకా సాగింది. మధ్యలో ఓళిగలు, అదే బొబ్బట్లు, వచ్చాయి. వాటి మీద నెయ్యి పోయించుకుంటూ ప్రతినిధి, చానెల్లో ప్రకటనలు కూడా చదివే మా బావమరిది భార్యతో, "ఇకనుంచి మీ యాసలో చదవండి మేడం, ఇప్పుడదే నడుస్తోంది" అన్నాడు. ఆమె నేతి గిన్నె అలాగే పట్టుకుని, "ఇప్పుడు నేను ఏ యాసలో మాట్లాడతాండానప్పా?" అని అడిగింది. ఆయన దగ్గర దానికి కాగితం లేదు.

చివరికి ఒక మాటకొచ్చారు. పొద్దుటి పాటలు మా వాడివే, నంది మా వాడిదే, కార్యక్రమం చివర పేరూ మా వాడిదే. బదులుగా తెర అడుగున పరుగెత్తే పట్టీ మాత్రం కంపెనీకి ఇవ్వాలి, ప్రకటనలకు. "అదెంత, వేలెడు జాగా! తీసుకో" అన్నాడు మా బావమరిది, పులివెందుల రోడ్డు మీద పొలం గెలిచినంత సంబరంగా. ఐదుగురిలో ఎవరికీ దానికి అడ్డు చెప్పాలని తోచలేదు. కొన్నాళ్ళు నడిపి చూశాక సంతకాలు పెట్టుకుందామనుకున్నారు. చీకటి పడకముందే ప్రతినిధి తీగలేవో మార్చి, లాడ్జికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మేమూ అక్కడే ఉండిపోయాం. మరుసటి పొద్దున మా బావమరిది మమ్మల్నందరినీ లేపి టీవీ ముందు కూర్చోబెట్టాడు. పాట మొదలైంది. నంది వచ్చింది, మబ్బు వచ్చింది. అడుగున ఎక్కడో దూరపు పట్నంలోని బంగారం కొట్టు ప్రకటన తళతళలాడుతూ పరుగెత్తుతోంది. పక్క గదిలో అతని భార్య ఫోనులో "ఊఁ, పై వీధా? సరేన్నా" అనడం, ఎప్పటిలాగే టకటకా టైపు చేయడం వినిపించింది. కార్యక్రమం చివర తన పేరు పడేదాకా అతను రెప్ప వేయలేదు. ఆ తర్వాత వాకిట్లో బిందెల చప్పుడైంది. పై వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో గుంపుగా వచ్చారు.

"ఏమప్పా, నీళ్ళొచ్చి నిలిచిపోయినాయి. మాకు చెప్పద్దా?" అంది ముందున్నామె.

"టీవీ పెట్టుకోలేదా నువ్వు?"

"పెట్టుకోకేం? లేసినప్పట్నుంచీ దాని ముందరే కూచున్యా. బంగారం, బంగారం అని పోతాంది గానీ నీళ్ళ మాటే లేదు."

అతను కొంచెం మెల్లగా అడిగాడు. "పాటలు బాగా వచ్చినాయి గదా?"

"పాటలా?" అందామె, పక్కవాళ్ళ వైపు చూసి. "శబ్దం యాడ పెడతామప్పా, పిల్లోళ్ళు పండుకోనుంటే! కింద అక్షరాలు చూసుకునేది, బిందె ఎత్తుకునేది."

వాళ్ళతో వచ్చి వెనక నిలబడిన ముసలాయన మధ్యలోకి వచ్చాడు. "ఆ నంది బొమ్మ నువ్వు పెట్టేదేనా? టీవీ చెడిపోతే వచ్చే బొమ్మ అనుకుంటి."

ఎవరూ నవ్వలేదు. నీళ్ళు పోయిన కోపంలో ఉన్నారు వాళ్ళు. మా బావమరిది ఇంట్లోకి వచ్చి లాడ్జికి ఫోను చేశాడు. పాటలు మీరే తీసుకోండి, పట్టీ నాకిచ్చేయండి అన్నాడు. అవతల ప్రతినిధి నిన్నటి గీతను గుర్తు చేస్తూ, ఊరంతా చూసే పాటలు ఎందుకు వదులుకుంటున్నారని గట్టిగా అడుగుతున్నాడు. "నాకూ తెల్దు సామీ. చెప్పినట్ల చెయ్" అని ఫోను పెట్టేశాడు. అక్కడి నుంచి వచ్చి నా పక్కన కూర్చుని, "ఇన్నేండ్లు నేను నడిపినేది ఏంది బావా?" అన్నాడు. అడిగింది నన్నో, గడిచిపోయిన ఆ ఏళ్ళనో నాకు తెలియలేదు. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.