ఒడ్డున చల్లుకోని నీళ్ళు

నాకు ఈత రాదు. ఆ మాట అంకుల్‌కి చెప్పకుండానే ఆయనతో నదికి బయలుదేరాను.

కెనడాలోని మిస్సిసాగాలో నేను అద్దెకుంటున్న బేస్‌మెంట్ పైన ఇల్లు ఆయనది. రిటైరయ్యాక ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టారు. ఇందులో వానపాము ఎర ఉండదు. ఈకలూ దారాలూ చుట్టి పురుగులా తయారుచేసిన చిన్న కొక్కేన్ని నీళ్ళ మీదికి విసరాలి. దానికి బరువుండదు గనక, దాన్ని కట్టిన లావు తాడునే గాలిలో వెనక్కీ ముందుకీ ఊపి వదలాలి. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఇదంతా చదువుతుంటే ఆంటీ చూశారు.

"చదివితే పడతాయా చేపలు? ఈయనతో వెళ్ళు. పట్టినవన్నీ వదిలేసి, దార్లో ఫ్రోజెన్ చేప కొనుక్కొస్తారు, అదీ చూద్దువుగాని."

కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టి అంకుల్ నాకు ఇంటి ముందరి డ్రైవ్‌వేలో నేర్పారు. ఎదురింటి కిటికీ తెర కదిలితే చాలు, నా చెయ్యి బిగుసుకుపోయేది. "ఈగలు తోలుతున్నావా అమ్మా?" అని నవ్వేవారు.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున నది దగ్గర ఆంటీ వేడర్స్ తొడుక్కున్నాను. పాదాల నుంచి ఛాతీ దాకా ఉండే రబ్బరు తొడుగు అది. పడిపోతే నీళ్ళు లోపలికి దిగకుండా నడుముకి బెల్టు బిగించాలి. ఆ బెల్టు నాకు వదులుగా ఉంది. సరిచెయ్యమని ఆయన్ని అడగడానికి మొహమాటపడ్డాను.

ఒడ్డున ఇద్దరు తెల్లవాళ్ళు కాఫీ తాగుతూ కూర్చున్నారు. నదిలో కాలు పెట్టే ముందు కాసిని నీళ్ళు నెత్తిన చల్లుకోవడం అమ్మ నేర్పిన అలవాటు. వాళ్ళు చూస్తారని ఆ పని మానేసి నీళ్ళలోకి దిగాను.

"కాలు ఎత్తకు, జరుపు," అని చెప్పి అంకుల్ కొంచెం ఎగువకు వెళ్ళి, అటు తిరిగి తాడు విసరడం మొదలుపెట్టారు.

నీళ్ళు తొడల దాకా వచ్చాయి. రద్దీ బస్సులో వెనకనుంచి నెట్టినట్టు మోకాళ్ళను నెడుతున్నాయి. పాదాల కింద రాళ్ళు కదులుతున్నాయి. చల్లుకోకుండా వచ్చేశానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అనుమతి అడగకుండా ఎవరింట్లోకో చొరబడ్డట్టు భయం వేసింది. ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, ఒక చేత్తో గాలం రాడ్ పట్టుకుని, రెండో చెయ్యి చాచి వంగాను.

కాలి కింది రాయి తప్పుకుంది.

మోకాళ్ళ మీద పడ్డాను. మంచులాంటి నీళ్ళు ఛాతీ దగ్గర నుంచి లోపలికి దూకి, వదులు బెల్టు దాటి కాళ్ళ దాకా దిగిపోయాయి. లేవబోతే కాళ్ళు రాలేదు. అంకుల్ వీపు కనిపిస్తోంది. పిలిస్తే చాలు. కానీ పిలిస్తే ఆ ఇద్దరూ కూడా తిరిగి చూస్తారు. నిజంగా అదే ఆలోచించాను. "అంకుల్" అన్నాను, బస్సులో దారి అడిగేంత గొంతుతో. ప్రవాహం నన్ను మరో రాయి దాటించింది. నీళ్ళు గడ్డానికి తగిలాయి.

అప్పుడు అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

ఆయన పక్కవాటుగా గబగబా వచ్చి, నా భుజం పట్టీ దొరకబుచ్చుకుని ఒడ్డుకి లాగారు. ఆ ఇద్దరిలో ఒకతను తన కోటు తెచ్చి నా మీద కప్పాడు. అంకుల్ నా బెల్టు విప్పారు.

"అసలెందుకు వంగావు తల్లీ?"

చెప్పాను.

"ఒడ్డునే చల్లుకోవాలి కదా! నేను దిగేముందు చల్లుకున్నా. నువ్వు నేల చూపులు చూస్తూ నిలబడ్డావ్."

"వాళ్ళు చూస్తున్నారని..."

"చూడనీ. మొదట్లో నన్నూ అడిగారు, ఏం చేస్తున్నావని. నదికి హలో చెబుతున్నా అన్నా."

ఈత రాదని కూడా అప్పుడే చెప్పాను.

తర్వాతి శనివారం మళ్ళీ తీసుకెళ్ళారు, రెండు షరతుల మీద. మోకాలి లోతు దాటకూడదు. దిగేముందు ఒడ్డునుంచి తనను గట్టిగా పిలవాలి, వినబడితేనే దిగాలి. బెల్టుకి ఇంట్లోనే ఆంటీ కొత్త రంధ్రం పొడిచి బిగించారు. ఆయన ఎగువకు నడిచి వీపు తిప్పి నిలబడ్డారు. కాఫీ తాగేవాళ్ళు ఆరోజూ ఉన్నారు. వంగి నీళ్ళు నెత్తిన చల్లుకున్నాను. చల్లటి చుక్క ఒకటి మెడ వెనక జారింది.

"అంకుల్!"

ఆయన కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాను. ముగ్గురూ తిరిగి చూశారు.