మెంబర్ సాబ్ భార్య

కాన్పుల దవాఖాన సలహా కమిటీలో నాకు చోటు దొరికిన సంగతి నాకంటే ముందు మా బజారుకు తెలిసింది. పూలదండ మాత్రం మా ఆయన మెడలో పడింది.

ఎనభైల మొదట్లో మాట. హన్మకొండ చౌరస్తా దగ్గర మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. గిన్నె కొన్నవాళ్లెవరూ దాని మీద పేరు కొట్టించకుండా పోయేవాళ్లు కాదు. పెళ్లిలో చదివించే బిందె అయినా, గృహప్రవేశానికి ఇచ్చే పళ్లెమైనా, ఇచ్చినవారి పేరు దాని మీద ఉండాల్సిందే. పొద్దంతా ఊరి వాళ్ల పేర్లు టకటకా కొట్టీ కొట్టీ మా ఆయనకు ఒక కోరిక పుట్టింది. తన పేరు కూడా ఎక్కడో ఒకచోట పడాలని.

ఆ రోజుల్లో సర్కారు కమిటీలకు దరఖాస్తు పెట్టడం మా బజారులో అంటుజబ్బులా ఉండేది. మార్కెట్ కమిటీ, గ్రంథాలయం కమిటీ, టెలిఫోన్ల కమిటీ, ఈయన దేన్నీ వదల్లేదు. ఇంట్లో ఫోనే లేదు, ఆ కమిటీ మనకెందుకని అడిగితే, "మెంబరైతే వాళ్లే తెచ్చి పెడ్తరు" అన్నారు. ఒక్కటీ రాలేదు. చివరికి ఆయనకు తెలిసిన ఒక నాయకుడు ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఉపాయం చెప్పాడు.

"కాన్పుల దవాఖాన కమిటీల ఆడోళ్ల సీటొకటి ఖాళీ ఉన్నది సేటూ. వదినమ్మ పేరు మీద పెట్టు. పేరు ఆమెది, పని నీది."

నేను సంతకం పెట్టాను. వాళ్లు పెట్టమన్నందుకు కాదు. నాకు అక్కడ ఒక తలుపు కావాలి.

నా మొదటి కాన్పు ఆ దవాఖానలోనే అయింది. వార్డు చివరి బాత్రూంకు తలుపు ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. లోపల నేను, బయట పాత చీర అడ్డం పట్టుకుని మా అమ్మ. వరండాలో మగవాళ్లు టిఫిన్ డబ్బాలతో అటూ ఇటూ తిరుగుతుండేవారు. నొప్పులైనా మరిచిపోయాను గానీ, ఆ చీర గాలికి లేచినప్పుడల్లా పడ్డ సిగ్గు మాత్రం మరిచిపోలేదు. ఇప్పుడు అమ్మ లేదు. మా చెల్లెలు ఏడో నెలలోనే కాన్పుకని నా దగ్గరికి వచ్చింది. అదే దవాఖాన, అదే వార్డు.

ఆర్డరు రాగానే బజారు వాళ్లు సన్మానం చేశారు. దండా శాలువా ఆయనకు, రవిక గుడ్డ నాకు. మర్నాటి నుంచి ఆయన మెంబర్ సాబ్, నేను మెంబర్ సాబ్ భార్యను.

మొదటి మీటింగుకు ఆయనే వెళ్లారు. తలుపు సంగతి చెప్పమని స్కూటరు కదిలేదాకా పోరాను. సాయంత్రం నవ్వు ముఖంతో వచ్చారు.

"మంచిగ జరిగింది. మిక్చరు, చాయ్ ఇచ్చిన్రు."

"తలుపు?"

"గంత పెద్దోళ్ల ముంగట బాత్రూం ముచ్చట ఎట్ల తీస్త? గేటుకాడ మెంబర్ల పేర్లతోని బోర్డు పెట్టాల్నన్న. అందరు ఒప్పుకున్నరు."

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ పూట మా వంటింట్లో గిన్నెలు దుకాణంలో కంటే గట్టిగా మోగాయి.

రెండో మీటింగుకు నేనూ స్కూటరెక్కాను. లోపలికి వెళ్లగానే ఆయన అలవాటైన కుర్చీలో కూర్చుని చాయ్ అందుకున్నారు. పెద్ద డాక్టరు నన్ను చూసి, "చీటీలు రాసేది అటు పక్కనమ్మా" అన్నాడు.

"నేను మెంబర్‌నండి."

"మెంబర్ గారు వచ్చారు కదమ్మా" అంటూ మా ఆయన్ని చూపించాడు.

నేను మా ఆయన వైపు తిరిగి, "జర లేస్తరా, అది నా కుర్చీ" అన్నాను.

పెళ్లయ్యాక నలుగురిలో ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. పాపం, చాయ్ కప్పుతోనే లేచారు.

"కాన్పుల వార్డుల బాత్రూంకు తలుపు లేదు" అన్నాను కూర్చుని. గదిలోని మగవాళ్లంతా తలెత్తి ఫ్యాను చూశారు. ఒకరు ఎస్టిమేటు అన్నారు, ఇంకొకరు వచ్చే బడ్జెట్ అన్నారు.

"మా చెల్లె కాన్పు బడ్జెట్ దాక ఆగదు సార్."

ఆడవాళ్లు అక్కడ ఎట్లా పోతున్నారో మొత్తం చెప్పాను. అప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డ మా ఆయన దగ్గారు. అంతసేపు కుర్చీ లేకుండా ఉండటం ఆయనకు కష్టంగా ఉంది కాబోలు.

"తలుపు నేను పెట్టిస్త సార్. ములుగు టేకుది."

అందరూ చప్పట్లు కొట్టారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు, తలుపు త్వరగానే వచ్చింది. దాని మీద మా దుకాణంలోనే కొట్టిన స్టీలు రేకు, రేకు మీద ఆయన పేరు, కింద 'మెంబర్' అని. నా పేరు ఎక్కడా లేదు. చెంబు మీద కొట్టినంత శ్రద్ధగా కొట్టారు, ఒక్క వంకర లేదు.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు చెల్లెల్ని మెల్లగా నడిపించుకుంటూ బాత్రూం దాకా తీసుకెళ్లాను. అది లోపలికి వెళ్లింది. నేను అలవాటుగా ఇంటి నుంచి తెచ్చిన పాత చీర పట్టుకుని బయట నిలబడ్డాను. వరండాలో ఏటూరునాగారం నుంచి కూతురి కాన్పుకు వచ్చిన ముసలమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి తలుపు వైపు చెయ్యి చూపించింది.

"ఎవలో మెంబర్ సాబట బిడ్డా, పెట్టిచ్చిండు. ఆడోళ్ల కష్టం ఎరుకున్నోడు."

మొత్తం కథ చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే లోపల గడియ చప్పుడైంది.

"పడ్డదా?" అని అడిగాను.

"పడ్డది అక్కా. నువ్వు పోయి కూసో."

చీర మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్లి ముసలమ్మ పక్కన కూర్చున్నాను.