కాజాలమ్మ ఎంగిలి

చొక్కా తొడుక్కునేవాళ్ళు గుండీని చూస్తారు గానీ కాజాను చూడరు. గుండీ ఊడితే ఇల్లంతా వెతుకుతారు. పాతికేళ్ళు ఆ గుండీని మోసిన కాజా ఊసు, అది చిరిగిన రోజున తప్ప ఎత్తరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా కోట్లకు చేత్తో కాజాలు కుడుతున్న ఆవిడకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. వీధిలో అందరూ ఆవిడను కాజాలమ్మ అనే పిలుస్తారు. భర్త అదే దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టర్. కత్తెర ఆయనది, సూది ఆమెది. నోరు మాత్రం ఇద్దరికీ కలిపి ఆమెదే.

ఒకరోజు ఆ దుకాణానికి కోటు తీసుకుపోవడానికి వచ్చిన మేడమ్ ఒకావిడ, కోటు వదిలేసి కాజాను పట్టుకుంది. లాగి చూసింది, తిప్పి చూసింది, గోటితో గీకి చూసింది. బట్టల పరిశోధన సంస్థలో ఉద్యోగం ఆవిడది. కరెంటు కొలిచే మీటరు ఎప్పుడూ ఆవిడ సంచిలోనే ఉండేది కాబట్టి కాజాలమ్మ ఆ తర్వాత ఆవిడకు మీటరు మేడమ్ అని పేరు పెట్టింది.

"మాకు ఇలాంటి చెయ్యి కావాలమ్మా. మనిషి ఒంటి వేడితో కరెంటు పుట్టించే బట్ట కుట్టాలి," అంది మేడమ్.

కాజాలమ్మ భర్త వైపు తిరిగి, "విన్నారా? ఇన్నేళ్ళూ నా ఒంట్లో వేడంతా మీమీద ఉత్తినే ఖర్చయిపోయింది," అంది.

సంస్థలో ఆమెకు రెండు రకాల దారాలు ఇచ్చారు. ఒకటి నల్లది, కరెంటు పారే మందులో ముంచి ఆరబెట్టిన నూలు. రెండోది వెండి పూత పూసినది. మందమైన ఉన్ని పట్టీలోంచి ఈ రెండింటినీ కిందికీ పైకీ కుట్టుకుంటూ పోవాలి. చర్మానికి తగిలే వైపు వెచ్చగా, బయటి వైపు చల్లగా ఉంటుంది కదా, ఆ తేడాకే దారంలో కరెంటు పుడుతుంది. ఒక్కో జతలో పుట్టేది ఏ మూలకూ చాలదు. అందుకని నాలుగు వందల జతలు వరసగా కలవాలి. కొసల దగ్గర కలవాలి, మధ్యలో తాకకూడదు. ఒక్క జత తప్పినా పట్టీ మొత్తం చచ్చినట్టే. ఆ పట్టీ ముంజేతికి చుట్టుకుంటే బ్యాటరీ అక్కర్లేకుండా రోగి జ్వరాన్నీ నాడినీ కొలవొచ్చని వాళ్ళ ఆశ. కొలత నడుస్తున్నట్టు గుర్తుగా దానికి ఒక చిన్న పచ్చదీపం పెట్టారు.

మొదటి నెలంతా ఆ దీపం కళ్ళు తెరవలేదు. మీటరు మేడమ్ మందు మార్చింది, ఉన్ని మార్చింది, చివరికి మీటరునే మార్చింది. సంస్థను నడిపే పెద్దసారు వెండి దారం పంపినవాళ్ళ మీద మండిపడుతూ ఉత్తరం రాశాడు. ముడి వేసిన చోటల్లా నల్లపూత పెచ్చులూడుతోందని కనిపెట్టి, ముడి మానేసి కాజా కుట్టు వేసింది కాజాలమ్మే. వెండి దారాన్ని నల్లదాని చుట్టూ ఒకదాని పక్కన ఒకటిగా చుడుతూ, అంచున మెలిక వేసి బిగించింది. పూత నిలిచింది. అయినా దీపం వెలగలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ భర్త ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. "ఏంటే, నాలుక నల్లగా ఉంది? ఇకనుంచి నువ్వేమంటే అది జరుగుతుందేమో!"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దర్జీ పనివాళ్ళందరికీ ఒకే అలవాటు. దారం కొస కొరుకుతారు, పెదాల మధ్య తడిచేస్తారు, మెలితిప్పి సూదిలోకి ఎక్కిస్తారు. తడి తగిలి నల్లపూత మెత్తబడి పోతోంది. చచ్చిన జతలన్నీ దారం మొదటి జానెడులోనే ఎందుకు ఉంటున్నాయో అప్పుడు అర్థమైంది.

మర్నాడు సంస్థ తలుపు తీయకముందే వెళ్ళి నిలబడింది. "తప్పు నాదే మేడమ్. దారంలో ఏం లేదు. నా నోట్లోనే ఉంది," అని చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. చెప్పకుండా ఊరుకుంటే ఆ తప్పు వెండి దారంవాళ్ళ మెడకే చుట్టుకునేది. ఆమె చెప్పడమే కాదు, దారి కూడా చూపించింది. కొసను కత్తెరతో ఏటవాలుగా కోసి, రెండు గోళ్ళ మధ్య పొడిగా నొక్కిపెట్టి, దారాన్ని సూదిలోకి కాక సూదినే దారం మీదికి దించింది. ముప్పై ఏళ్ళ నోటి అలవాటును మానుకోవడానికి పదిహేను రోజులు పెదాలకు గుడ్డ కట్టుకుని కుట్టింది. పదహారో రోజున దీపం వెలిగింది. మీటరు మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

ఏడాదిన్నర గడిచాక ఆ పని గురించి పుస్తకం వేశారు. దాన్ని విడుదల చేసే సభకు కాజాలమ్మ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న భర్తతో వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. పుస్తకం చేతికి రాగానే పరీక్ష ఫలితాల్లో నంబరు వెతుక్కునే పిల్లలా పేజీ పేజీ వేలితో వెతికింది. పేర్ల పట్టికలో లేదు. కృతజ్ఞతల్లో క్యాంటీను పెట్టినవాళ్ళున్నారు, ఆమె లేదు. ముప్పై ఎనిమిదో పేజీలో దొరికింది: "తొలి నమూనాల వైఫల్యానికి కారణం కుట్టు కార్మికురాలి ఎంగిలి." కింద నాలుగు వరసల తర్వాత: "జతలను కలపడానికి సంస్థ ప్రత్యేకంగా రూపొందించిన చుట్టుకుట్టును వాడడమైనది."

అంతే. ఏడాదిన్నర చాకిరీకి ఆ పుస్తకంలో మిగిలింది ఆమె ఉమ్మి. తన తప్పు తానే ఒప్పుకున్న మనిషి నిజాయితీని వాడుకుని, ఆ తప్పు వరకూ ఆమెకు రాసిచ్చి, మిగతాది జేబులో వేసుకున్నారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది?

ఆమె లేచి నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళింది. భర్త చెంగు పట్టుకోబోయి, ఆమె మొహం చూసి వదిలేశాడు.

"సార్, ఇందులో నా పేరు లేదేం?"

పెద్దసారు చుట్టూ ఉన్న అతిథులను చూసి నవ్వాడు. "అందరి పేర్లూ వేయడానికి ఇదేమన్నా పెళ్ళికార్డా అమ్మా? నువ్వు చేసింది చేతిపని. కనిపెట్టడం వేరు."

"ఈ కుట్టు నాకు మా అత్తగారు నేర్పారు. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. మీ సంస్థ పుట్టి పన్నెండేళ్ళు. ఆవిడెప్పుడొచ్చి మీకు రూపొందించి పెట్టారు సార్? ఎంగిలేమో నాది, కుట్టేమో మీదా?"

సభలో ఎవరో దగ్గారు. పెద్దసారు మొహం గంటుపెట్టుకున్నాడు. వచ్చే వారం పదిమంది కొత్త కుట్టుపనివాళ్ళకు ఆమె నేర్పాలి. ఆ పేజీ దిద్దేదాకా సూది ముట్టనని అక్కడే చెప్పేసింది. "పుస్తకం ఉంది, బొమ్మలున్నాయి, చూసి కుట్టుకుంటారు," అన్నాడాయన.

మూడు వారాల తర్వాత మీటరు మేడమ్ ఇంటికొచ్చింది. కాజాలమ్మ పీట వేసింది గానీ నవ్వలేదు.

"పది పట్టీలు కుట్టారమ్మా. ఒక్కటీ వెలగలేదు."

"దారం నోట్లో పెట్టుకుని ఉంటారు."

మేడమ్ తల దించుకుంది. "పదిమందీ. తడి తగలకుండా సూది ఎక్కించడం ఎలాగో పుస్తకంలో లేదు. నీ పేరుతో కలిపి నేను రాశాను. సారు కొట్టేశారు."

"కొట్టేసినప్పుడు మీరేం చేశారు?"

మేడమ్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. పెద్దసారు దిగొచ్చాడట. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తారట. కుట్టు కాజాలమ్మదేనని పేరుతో సహా ఉంటుందట. ఎంగిలి మాట మర్యాదగా తీసేస్తారట.

కాజాలమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చింది. "తీసెయ్యొద్దు. నా ఎంగిలి వల్లే పాడైంది, నిజమేగా. ఆ తప్పు పట్టుకుంది నేనేనని, దిద్దింది నేనేనని పక్కనే రాయండి. సూది ఎలా ఎక్కించాలో బొమ్మ వేయండి. మా అత్తగారి పేరు కూడా పెట్టండి. అప్పుడొస్తాను."

రెండు నెలలు పట్టింది. కొత్త పుస్తకంలో అన్నీ ఉన్నాయి. పెద్దసారు మాత్రం ఒక్క మాట కూడా కబురు చేయలేదు. ముప్పై ఎనిమిదో పేజీని భర్తకు పైకి చదివి వినిపించి, సంస్థకు వెళ్ళడానికి చెప్పులు వేసుకుంది కాజాలమ్మ.

"ఇప్పటికైనా నీ కోపం చల్లారిందా?" అన్నాడాయన గుమ్మంలోంచి.

"చల్లారితే దీపం వెలగదండీ," అని మెట్లు దిగింది.