జంగ్లీఘాట్‌లో చివరి రోజు ఆట, పోలమ్మ పిన్ని డిష్

సంవత్సరం చెబితే మీలో ఎవరో ఒకరు స్కోరుకార్డు తీసి నా పరుగుల లెక్క తప్పంటారు. అందుకని కరోనా మాస్కులు బీరువాల్లోకి చేరాక వచ్చిన ఒక జనవరి అని మాత్రం చెబుతాను. మన జట్టు ఆస్ట్రేలియా పర్యటనలో ఉంది. సిరీస్ చెరి సమానం. చివరి టెస్టు, చివరి రోజు. గెలవడానికి యాభై రెండు పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లు. ఊరు పోర్ట్ బ్లెయిర్, పేట జంగ్లీఘాట్. నేను డిష్ ఫిట్టర్‌ని. ఎనిమిదో తరగతిలో చదువుకూ నాకూ సిగ్నల్ తెగింది. అప్పటి నుంచి జనం ఇళ్ళ కప్పుల మీదే బతుకుతున్నాను. నాతో చదివినవాళ్ళలో నా అంత పైకి వచ్చినవాడు లేడు.

పని సంగతి కొంచెం చెప్పాలి. మెయిన్‌లాండ్‌లో డిష్ ఎదురింటివాళ్ళను గమనిస్తున్నట్టు నిటారుగా నిలబడుతుంది. మా దీవుల్లో ఉపగ్రహం దాదాపు నడినెత్తిన ఉంటుంది కాబట్టి డిష్ వెనక్కి వాలి ఆకాశాన్ని చూస్తుంది. అలా చేటలా వాలి ఉన్నదాన్ని చూస్తే మావాళ్ళ చేతులు ఊరుకోవు. మిరపకాయలు ఎండబెడతారు, వడియాలు పెడతారు, జంగ్లీఘాట్‌లో అయితే పైన వలముక్క కట్టి ఉప్పుచేప ఆరేస్తారు. డిష్ ముందు చాపిన కడ్డీ చివర చిన్న తల ఉంటుంది, దాన్ని ఎల్‌ఎన్‌బి అంటాం. ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్ అంతా దాని నోట్లో పడాలి. డిష్ రెండు వేళ్ళు జరిగినా ఆ నోరు ఖాళీ, టీవీ నలుపు.

ఇంకో ఇబ్బంది, పైన డిష్ తిప్పేవాడికి టీవీ కనబడదు. కింద ఒక మనిషి టీవీ ముందు నిలబడి కేక వెయ్యాలి. వచ్చిందంటే బోల్టు బిగిస్తాం, పోయిందంటే వెనక్కి తిప్పుతాం. మా వృత్తి మొత్తం కింద మనిషి నోటి మీద నడుస్తుంది.

ఆ రోజు ఇంకా చీకటి ఉండగానే ఫోను. గురయ్య బాబాయి ఇంట్లో టీవీ రావడం లేదట. ఐదింటికి ఆట మొదలు.

గురయ్య బాబాయి అంటే మా పేటకు కామెంటరీ. ఆదివారం టోర్నమెంటుల్లో మైకు ఆయనదే. మన జట్టు విదేశాలకు వెళ్ళినప్పుడు ఇంట్లో టీవీ గొంతు నొక్కేసి, అరుగు మీద కూర్చుని, కిటికీలోంచి తెర చూస్తూ సందు మొత్తానికీ తెలుగులో ఆట చెబుతాడు. ఫోన్లో చూసుకోవచ్చుగా అంటారేమో. మా దీవుల నెట్‌తో ఫోన్లో సిక్సరు పడేసరికి పక్క సందువాళ్ళు చప్పట్లు కొట్టడం కూడా ముగించి టీ తాగుతుంటారు. అయినా జనం వచ్చేది ఆట చూడ్డానికి కాదు, బాబాయి చెబితే వినడానికి.

అయితే ఆ జనవరిలో ఆయన గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చెన్నైలో. పది గంటలకల్లా ఓడ ఎక్కాలి. ఆపరేషన్ తర్వాత మాట ఎంత మిగులుతుందో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. అంటే ఆయన మైకు పట్టుకోవడానికి మిగిలింది ఆ ఒక్క పొద్దే. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు.

నేను వెళ్ళేసరికి నలభై మంది ఉన్నారు. బాబాయి అరుగు మీద ఇస్త్రీ చొక్కాతో, మైకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చేత్తో పైకి చూపించాడు. పోలమ్మ పిన్ని, ఆయన భార్య, తలుపు దగ్గర నిలబడింది.

"సేపలు ఆరేత్తంటే సెయ్యి తగిలినాది బాబూ. తిరిగిపోయినట్టుంది."

"డిష్‌లో నీ చేపలు, పిన్నీ, నా పొట్టకు అవే జీతం. తలుపు తియ్యి, కింద ఎవరు చూస్తారు?"

"నేనే సూత్తాను. జనం లోనికొత్తే తొక్కీసుకుంటారు." అంటూ లోపలికి వెళ్ళి తలుపు, కిటికీ రెండూ వేసేసుకుంది.

పైకి ఎక్కాను. డిష్ నిండా కానాగంత చేపలు. తీసి పక్కన పెట్టి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను.

"వచ్చిందా పిన్నీ?"

"నేదు."

ఒక వేలు తిప్పాను. "ఇప్పుడు?"

"నేదు."

పక్క సందులోంచి ఒక్కసారి "అయ్యో" అని వినబడింది. ఎనిమిదో వికెట్టు పడినట్టుంది. కింద జనం నన్ను తిట్టడం మొదలుపెట్టారు. "క్యా భయ్యా, డిష్ తిప్పుతన్నావా, దానికి పూజ సేత్తన్నావా?" అని ఒకడు. "దిగిపోరా, మా అవ్వనెక్కిత్తాం" అని ఇంకొకడు. పావుగంట గడిచింది. ఈ పనిలో ఇన్నేళ్ళున్నాను, అంత దిక్కుమాలిన డిష్ నాకు తగల్లేదు.

చివరికి సంచిలోంచి ఫైండర్ తీశాను. అది అగ్గిపెట్టెంత పెట్టె, ఎల్‌ఎన్‌బి వైరుకు తగిలిస్తే సిగ్నల్ దొరికినప్పుడు కీచుమంటుంది. నమ్మకమైన మనిషి కింద ఉంటే దాని అవసరం రాదు. తగిలించి డిష్ కదిపాను. కీచుమంది. ఇంకొంచెం కదిపితే ఆగకుండా కూసింది. బోల్టు బిగించి అడిగాను.

"పిన్నీ, ఇప్పుడు?"

"నేదు బాబూ. నేదంటే నేదు."

అప్పుడు పక్కనున్న చేపల్ని చూశాను. ఇంకా తడి ఆరలేదు. తూర్పున అప్పుడే ఎరుపు. ముప్ఫై ఏళ్ళుగా ఎండుచేపలు అమ్మే మనిషి సూర్యుడు రాకముందే చేపలు ఆరేస్తుందా?

దిగి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. టీవీలో పచ్చగా మైదానం, పదకొండు మంది తెల్ల బట్టల్లో. పిన్ని తెరకు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడి ఉంది.

"పిన్నీ, ఇంత బాగా కనబడుతున్నది లేదంటే అంపైర్‌కి కూడా కోపం వస్తుంది."

నవ్వలేదు. "నేనే నిచ్చెనెక్కి తిప్పినాను. మైకు పడితే ఆయన ఊరుకుంటాడా? ఆపరేషన్ అయ్యేదాకా గొంతు దాసుకోమన్నాడు డాక్టరు బాబు. దాసుకుంటే కొంత మిగుల్తాదేమో అన్నాడు. ఇయ్యాల ఈ గంట అరిసీసి, రేపు నాతో మాటాడ్డానికి ఏటి మిగుల్తాది?"

చేతిలో ఉన్న స్పానరు సంచిలో పెట్టేసుకున్నాను.

ఇంతలో బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. టీవీ చూశాడు, ఆమెను చూశాడు. మొత్తం అర్థమైంది. గుసగుసగా ఒకే మాట అడిగాడు. "ఎంత?"

"ముప్ఫై ఒకటి కావాలి బాబాయ్. రెండు వికెట్లు."

"పోలీ, ఇదొక్కటే."

"నీ గొంతు నీ ఒక్కడిదేటి? ముప్ఫై ఏళ్ళ నుంచి తిట్లు తిన్నది నేను. నాకూ వాటా ఉంది."

బయట జనం తలుపు బాదుతున్నారు. ఆయన మైకు ఇవ్వడు, ఆమె దారి ఇవ్వదు. నాకు అనిపించింది చెప్పేశాను.

"మైకు నువ్వు పట్టుకో పిన్నీ. బాబాయి పక్కన కూర్చుని చేతుల్తో చెబుతాడు."

"నాకేటి తెలుసురా కిరికెట్టు?"

"రోజూ బోట్ల దగ్గర మైకు లేకుండానే వేలం పాడతావు, అదే ఇది."

బాబాయి మైకును చొక్కా అంచుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. కిటికీ తెరిచాం. పిన్ని అరుగు మీద కూర్చుంది, మొహం కిటికీ వైపు పెట్టి.

"ఆ పొడుగోడు పరిగెత్తుకొత్తన్నాడు. అంత దూరం నుంచి దేనికో మరి. ఏసినాడు. మనోడు వదిలీసినాడు, మెత్తబడిన సేపను వదిలినట్టు."

సందంతా పడీపడీ నవ్వింది. బాబాయి రెండు చేతులూ పక్కలకు చాపి వెనక నిలబడ్డ ఫీల్డర్లను చూపించాడు.

"ఎనకాల నలుగురు వంగున్నారు. బోటు రాగానే బేరగాళ్ళు వంగినట్టు. ఓలమ్మ, తగిలినాది, నేల మీంచి పోతంది, పోతంది, తాడు దాటిపోనాది."

బాబాయి చెయ్యి ఊపాడు. "నాలుగంట," అంది పిన్ని. అప్పటి నుంచి ఆమె గొంతు ఆగలేదు. ఇరవై. పదిహేను. తొమ్మిదో వికెట్టు పడింది. ఆయన వేలు పైకెత్తితే, చెప్పడం ఇష్టం లేక ఆ వేలు కిందకు దించేసింది. తొమ్మిది. ఐదు. మూడు.

అక్కడ ఆమె మైకు ఆయన ముందు పెట్టింది. "ఒక్క మాటే. ఎక్కువ మాటాడితే లాగేత్తాను."

బాబాయి మైకు దగ్గరికి వంగాడు. నలభై మందీ ఆ గొంతు కోసం చెవులు అప్పగించి నిలబడ్డారు.

"మిగతాది మా పోలమ్మ చెబుతాది," అని బొంగురుగా అని, మైకు మళ్ళీ ఆమెకే ఇచ్చేశాడు.

బౌలరు వచ్చాడు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది. బంతి గాల్లోకి లేచింది, ఫీల్డరు వెనక్కి పరిగెత్తాడు, చెయ్యి చాపాడు. అప్పుడు వచ్చింది కేక.

"వదిలీరా, వదిలీరా బాబూ, వదిలీసినాడు."

బంతి తాడు దాటింది. తర్వాత మైకులో ఏం వినబడిందో ఎవరికీ తెలీదు, సందు మొత్తం ఆ అరుగు మీదే ఉంది. ఆ గుంపులో బాబాయి నోరు విప్పకుండా రెండు చేతులూ ఎత్తి గెంతడం మాత్రం చూశాను.

పది గంటలకు ఓడ ఎక్కారు. ఆపరేషన్ అయింది. గొంతు కొంచెం మిగిలింది, ఒక గదిలో పక్కన కూర్చున్న మనిషికి వినబడేటంత. మైకుకు చాలదు. పిన్నికి చాలుతుందట.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక్కటి మారింది. ఇప్పుడు నేరుగా కప్పు ఎక్కను. ముందు ఇంట్లోకి వెళ్ళి, కింద నుంచి కేక వేసే మనిషి పక్కన కాసేపు కూర్చుని, టీవీ రావాలని నిజంగా ఉందా అని అడుగుతాను. జనం నవ్వుతారు. నవ్వని మనిషి ఎదురైతే నిచ్చెన గోడకు ఆనించి, ముందు ఆ మనిషి చెప్పేది వింటాను.