తేనెరంగు వెలుగు

మా అమ్మాయి నిశ్చితార్థానికి నీలం పట్టుచీర కొనుక్కుంది. స్టేజి మీద కూడా నీలం లైట్లే ఉండాలని ఫొటోలు తీసే అతనికి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

నాకు బొల్లి ఉంది. కళ్ల కింద, పెదవుల చుట్టూ, రెండు చేతుల మీదా తెల్లటి మచ్చలు. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి, బిడ్డకు కూడా వస్తుందా అని అడుగుతారు. చేతులు కొంగులో దాచుకోవడం నాకు అలవాటైపోయింది.

ఫంక్షన్‌కు ముందు, కూరగాయలకని చెప్పి వికారాబాద్ బస్టాండు దగ్గరున్న అతని స్టూడియోకు వెళ్లాను.

"తమ్మీ, ఏ రంగు లైటు పెడితే గివి కనపడవు?" అని చేతులు చాపాను. అడిగేటప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

అతను ఎందుకని అడగలేదు. నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, లైటుకు అడ్డంగా జెల్ షీట్లు, అంటే పల్చటి రంగు ప్లాస్టిక్ కాగితాలు, ఒక్కొక్కటే పట్టాడు. నీలానికి మచ్చలు సున్నం పూసినట్టు వెలిగాయి. ఆకుపచ్చకు జబ్బుమనిషిలా కనిపించాను. గులాబీ కొంత నయం. తర్వాత తేనెరంగు షీటు పెట్టాడు. అద్దంలో మచ్చలు లేవు. దగ్గరికి జరిగి చూశాను, అయినా లేవు. మా అమ్మాయి పుట్టకముందు నాకున్న మొహం అది. అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

"గిదే పెట్టు తమ్మీ. బిడ్డకు చెప్పకు."

"నీ బిడ్డ నీలమే కావాలన్నది గదక్కా."

"చెప్పకు," అన్నాను మళ్లీ. చీర సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నిశ్చితార్థం తాండూరులో, పిల్లవాడి ఇంటికి దగ్గరున్న ఫంక్షన్ హాల్లో జరిగింది. అమ్మాయి కుర్చీలో కూర్చుంది. లైట్లు వేశారు. నేను ఆమె వెనక, ఆ వెలుగులో, చేతులు దాచుకోకుండా నిలబడ్డాను. కెమెరా వైపు నవ్వాను కూడా.

ముందు వరుసలో పిల్లవాడి నాయనమ్మ పక్కామెతో అంటోంది. "శుభకార్యానికి గీ పిల్ల నల్ల చీర కట్టిందేంది?"

అప్పుడు చూశాను. తేనెరంగు కింద నీలం పట్టు బొగ్గులా నల్లబడిపోయింది. అమ్మాయి తన కుచ్చిళ్లు చూసుకుని తల ఎత్తింది.

"అన్నా, నీలం లైట్లు పెట్టమన్న గదా?"

అతను నా వైపు చూశాడు. "అమ్మ మార్చమన్నది చెల్లె."

ముందు వరుసంతా విన్నది. అమ్మాయి వెనక్కి తిరిగి నా మొహం చూసింది. మచ్చల్లేని మొహం. ఆమెకు అంతా అర్థమైంది.

"నీ మొకం వాళ్లకు తెల్వదా అమ్మా?" అంది నెమ్మదిగా. "చూపులకు వచ్చిననాడే చూసిన్రు గదా."

"ఫొటోలు ఎప్పటికి ఉంటయి బిడ్డా. రేపు ఎవరన్న చూసి..." అన్నాను.

ఆమె అతని వైపు తిరిగి, "షీట్లన్నీ తీసెయ్ అన్నా. ఏ రంగు వద్దు," అంది.

తెల్ల వెలుగు పడింది. చీర మళ్లీ నీలమైంది. నా మచ్చలు నాకు తిరిగొచ్చాయి. కొంగు లాక్కుని పక్కకు జరగబోతుంటే పిల్లవాడి తల్లి కుంకుమ పళ్లెం పట్టుకుని ఎదురొచ్చింది.

"మొకం లేపు వదినె," అంది. బొట్టు పెట్టింది. చేతులకు గంధం రాయడానికి పట్టుకుంటే వెనక్కి లాక్కోబోయాను. ఆమె అదేమీ గమనించనట్టే రెండు చేతులకూ రాసి, భోజనాలు మొదలయ్యాయని చెప్పి వెళ్లిపోయింది. నేను తినలేకపోయాను.

ఆల్బమ్ వచ్చింది. మొదటి ఫొటోలన్నీ ఆ తేనెరంగు వెలుగులోనివే. చీర రంగు సరిచేసి ఇస్తానని, కాకపోతే అమ్మ మచ్చలు కూడా కనిపిస్తాయని అతను అన్నాడట, అమ్మాయి వద్దందట. వాటిలో ఆమె నల్ల చీరలో తల దించుకుని ఉంది. వెనక నేను హాయిగా నవ్వుతున్నాను. ఎవరైనా ఆల్బమ్ అడిగితే ఆ పేజీలు త్వరత్వరగా తిప్పేస్తాను.